జైసల్మేర్, రణ్, నుబ్రా: ఎడారి టెంట్‌లో ఒక రాత్రికి ఏది ఎంచుకోవాలి

డిసెంబర్ దగ్గరపడితే చాలు, బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈ ప్రశ్న మొదలైపోతుంది, ఎడారిలో గ్లాంపింగ్ (సౌకర్యాలున్న టెంటులో బస) చేద్దామనుకుంటున్నాం, మంచి క్యాంప్ తెలిస్తే చెప్పండి అని. వెంటనే నలుగురు నాలుగు లింకులు పెడతారు, అన్నిట్లోనూ ఒకటే ఫొటో, తెల్ల టెంటు, లోపల డబుల్ కాట్, బయట లాంతరు, వెనకాల సూర్యాస్తమయం. ఆ ఫొటోలు చూస్తే రేటు తప్ప తేడా ఏమీ తెలీదు. అందుకే నన్నడిగినవాళ్ళకి టెంటు సంగతి చివర్లో చూసుకోండి అంటాను. ముందు ఏ నెల, ఏ తిథి, ఆ తర్వాత క్యాంపు చుట్టుపక్కల ఇంకెన్ని క్యాంపులున్నాయి, ఇవి తేలాక అప్పుడు గోడ కాన్వాసా మట్టా, ఏసీ ఉందా లేదా.

నెల సంగతి మన చేతిలో కన్నా పిల్లల స్కూలు చేతిలో ఎక్కువ ఉంటుంది. కర్ణాటకలో పెద్ద సెలవులంటే దసరా, వేసవి. దసరాకి అంటే అక్టోబర్లో థార్ ఎడారిలో మధ్యాహ్నం ఇంకా 35 డిగ్రీలు ఉంటుంది, గుజరాత్ కచ్‌లో రణ్ అనే ఉప్పు మైదానం అప్పటికి పూర్తిగా ఆరదు, తెల్లటి ఉప్పు చూద్దామని వెళ్తే నీళ్ళూ బురదా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో జైసల్మేర్ వైపు 40 దాటేస్తుంది, అప్పుడు ఎవరైనా సగం రేటుకి టెంటు ఇస్తానంటే ఎందుకిస్తున్నాడో ఆలోచించుకోవాలి. కాబట్టి థార్‌కైనా కచ్‌కైనా నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకానే, అందులో మనకి దొరికేవి క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి, రిపబ్లిక్ డే పక్కన వచ్చే వీకెండ్. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా రేట్లు కొండెక్కి కూర్చుంటాయి, జనం కూడా అప్పుడే ఎక్కువ, సంక్రాంతి తర్వాత వారం దొరికితే మాత్రం వదలొద్దు. లేదండీ, మాకు వేసవి సెలవులే కుదురుతాయి అంటే ఇక ఇసుక ఎడారి మాట మర్చిపోయి లదాఖ్‌లో నుబ్రా చూసుకోవాలి, దాని గురించి కింద చెప్తాను.

తిథి ఎందుకు అంటారా. ఇంట్లో గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, ఫ్లైట్ టికెట్ల కంటే ముందు అది చూడండి. రణ్‌కి వెళ్తే పౌర్ణమి దగ్గర వెళ్ళాలి, వెన్నెల్లో ఆ ఉప్పు మైదానం మొత్తం వెలుగుతుంటే చూడటానికే అంత దూరం వెళ్ళేది. ఇసుక దిబ్బలకి వెళ్తే అమావాస్య దగ్గర మంచిది, ఎందుకంటే నిండు చంద్రుడుంటే చుక్కలు సగం కనబడవు. బెంగళూరు ఆకాశంలో నాలుగు చుక్కలు లెక్కపెట్టుకునే పిల్లలకి డిసెంబర్ రాత్రి కృత్తికలు, మృగశిర నెత్తిమీద అంత స్పష్టంగా కనిపిస్తే ఆ ఒక్క దానికే డబ్బులు గిట్టుబాటు, పైగా ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా నక్షత్రాలు గుర్తుపట్టేవాళ్ళుంటే ఇక ఆ రాత్రి నిద్రపోరు. పౌర్ణమి రాత్రులకి రణ్‌లో టెంట్లు ముందే అయిపోతాయి, రేటూ ఎక్కువే, అమావాస్యకి దిబ్బల దగ్గర అదనంగా ఎవరూ తీసుకోరు.

ఇప్పుడు జైసల్మేర్. అందరూ వెళ్ళేది సమ్, ఊరికి పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో కుల్‌ధరా ఉంటుంది, పాలీవాల్ బ్రాహ్మణులు ఒకప్పుడు వదిలేసి వెళ్ళిపోయిన ఊరు, దయ్యాల కథలు పక్కనపెట్టి ఆ వీధుల ప్లాన్ చూడండి, బావుంటుంది. సమ్‌లో దిబ్బలు పెద్దవి, అందులో సందేహం లేదు, కానీ రోడ్డు పొడుగునా క్యాంపులు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి. సీజన్లో సాయంత్రం 5 గంటలకి ఆ దిబ్బల మీద ఒంటెలు, జీపులు, క్వాడ్ బైకులు, వాటి మధ్య ఫొటోలు దిగే జనం, శుక్రవారం సాయంత్రం సిల్క్‌బోర్డ్ జంక్షన్‌లా ఉంటుంది. రాత్రి ప్రతి క్యాంపులో ఒక డీజే. కాన్వాసు గోడ వానని ఆపుతుంది, గాలిని కొంత ఆపుతుంది, శబ్దాన్ని అస్సలు ఆపదు, మీ టెంటుకి ఎంత పెట్టినా పక్క క్యాంపు పాటలు మీ మంచం మీదకే వస్తాయి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది, కానీ అర్ధరాత్రి ఎడారి మధ్యలో నిలబడి ఎవరితో వాదిస్తాం.

ఖురీ వేరు. జైసల్మేర్‌కి నైరుతి వైపు, దూరం దాదాపు అంతే, దిబ్బలు సమ్ కన్నా కొంచెం చిన్నవి, క్యాంపులు తక్కువ, ఊరు ఊరులాగే ఉంది, చాలా చోట్ల మట్టి గోడల గుడిసెలే గదులు. స్నేహితుల గ్యాంగు, డాన్సులు, జీపులో ఎగిరిపడటం కావాలంటే సమ్, అందులో మొహమాటం ఏమీ లేదు, అదీ ఒక సరదానే. నిశ్శబ్దం కావాలంటే ఖురీ, లేదా సమ్‌లోనే మెయిన్ రోడ్డుకి రెండు మూడు కిలోమీటర్లు లోపలగా ఉన్న చిన్న క్యాంపు. ఇది కనిపెట్టడానికి రివ్యూలు చదవక్కర్లేదు, గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి క్యాంపు పేరు కొట్టండి, తెల్ల టెంట్ల వరసలు పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి, పక్క క్యాంపు ఎంత దూరం, రోడ్డు ఎంత దూరం, దిబ్బ నిజంగా పక్కనే ఉందా లేక జీపులో వెళ్ళాలా, అన్నీ రెండు నిమిషాల్లో తేలిపోతాయి. ఫొటో అబద్ధం చెప్తుంది కానీ మ్యాప్‌కి ఆ అవసరం లేదు.

పక్షులంటే ఇష్టం ఉన్నవాళ్ళకి ఈ వైపు వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది. సమ్, ఖురీ చుట్టూ ఉన్నది డెజర్ట్ నేషనల్ పార్క్, 3,162 చదరపు కిలోమీటర్లు, కర్నూలు దగ్గర మన రోళ్ళపాడులో దాదాపు కనబడకుండా పోయిన బట్టమేక పిట్ట ఇంకా మిగిలుంది ముఖ్యంగా ఇక్కడే, అక్కడి వాళ్ళు గోడావణ్ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి. కనిపిస్తుందని గ్యారంటీ లేదు, తెల్లవారుజామున పార్కులో సుదాసరి అనే చోటి వైపు వెళ్ళాలి, ముందు రాత్రి డీజే దగ్గర కూర్చున్నవాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

జైసల్మేర్ దాకా వెళ్ళేంత టైమ్ లేదు, నాలుగు రోజుల లీవే ఉంది అనేవాళ్ళకి ఓసియాఁ అని ఒక ఊరుంది, జోధ్‌పూర్‌కి 65 కిలోమీటర్లు. జోధ్‌పూర్‌లో దిగి మధ్యాహ్నానికల్లా టెంటులో ఉండొచ్చు, జైసల్మేర్ అయితే అక్కడ్నుంచి ఇంకో ఐదు గంటల రోడ్డు. దిబ్బలు జైసల్మేర్ అంత ఉండవు, మధ్య మధ్యలో చెట్లూ పొదలూ కనిపిస్తుంటాయి, కానీ పాత గుళ్ళు అద్భుతం, సచియా మాత గుడి, జైన మందిరం, శిల్పం చూడ్డానికి ఒక పూట పడుతుంది. మొదటిసారి వెళ్తున్న చిన్న పిల్లల తల్లిదండ్రులకి నేను దీన్నే చెప్తాను, ఎందుకంటే ప్రయాణంలో అలసిపోయిన పిల్లలకి దిబ్బ 30 అడుగులైనా 100 అడుగులైనా ఒకటే, జారడానికి ఇసుక ఉంటే చాలు. మా అనంతపురం ఫ్రెండొకడు మాకు ఎడారి కొత్తగా చూపించాలా అంటుంటాడు, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి పక్కన ఇసుక దిబ్బలు నిజంగానే ఉన్నాయి, కానీ అక్కడ టెంటు వేసి పొద్దున్నే టీ ఇచ్చేవాడు లేడు కదా.

టెంట్ల రకాలకి వద్దాం. ఎక్కువ చోట్ల ఉండేది స్విస్ టెంట్, సిమెంటు గచ్చు మీద రెండు పొరల కాన్వాసు, వెనకాల అటాచ్డ్ బాత్రూమ్. ఇది రాత్రి చల్లబడిపోతుంది, మధ్యాహ్నం వేడెక్కిపోతుంది, కాబట్టి రజాయిలు ఎన్నిస్తారు, హీటర్ ఉందా అన్నదే ముఖ్యం. జనవరిలో థార్‌లో రాత్రి 5 డిగ్రీల దాకా పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా కిందకి కూడా, బెంగళూరు చలికి వేసుకునే పల్చటి జాకెట్ తీసుకెళ్తే లాభం లేదు. మట్టి గుడిసె అయితే గోడ మందంగా ఉంటుంది, పగలు చల్లగా రాత్రి వెచ్చగా, చూడటానికి టెంటంత గొప్పగా ఉండదు కానీ నిద్ర మాత్రం ఇందులోనే బాగా పడుతుంది, ఇన్‌స్టాగ్రామ్ కోసం కాదు నిద్ర కోసం డబ్బు కడుతున్నాం అనుకునేవాళ్ళు ఇదే తీసుకోండి. ఈమధ్య కొత్తగా పారదర్శకంగా ఉండే డోమ్‌లు వస్తున్నాయి, పడుకుని చుక్కలు చూడొచ్చు అంటారు. చూడొచ్చు, కానీ సూర్యుడు వచ్చిన గంటకి లోపల ఉక్కపోత, ఏసీ లేకపోతే కూర్చోలేం, కర్టెన్ వేసుకోక తప్పదు, గాలితో నింపే బబుల్ రకమైతే రాత్రంతా బ్లోయర్ తిరుగుతూనే ఉండాలి, ఆ హోరు చెవిలో ఉంటుంది. దానికి రెండింతలు పెట్టే బదులు మామూలు టెంటు తీసుకుని రాత్రి ఓ కుర్చీ బయటేసుకుని శాలువా కప్పుకుని కూర్చుంటే ఆకాశం ఇంకా పెద్దగా కనిపిస్తుంది, అది ఫ్రీ కూడా.

రేట్ల విషయం ఒక్క మాట. మనిషికి రెండు మూడు వేలలో భోజనం, ఒంటె, ప్రోగ్రామ్ అన్నీ కలిపి ఇచ్చేవాళ్ళున్నారు, రాత్రికి ముప్ఫై వేలు దాటేవీ ఉన్నాయి. మధ్యలో ఉన్నదానికి వెళ్ళడమే మేలు అని నా లెక్క, అలాగే మామూలు క్యాంపులో రెండు రాత్రులకంటే మంచి క్యాంపులో ఒక్క రాత్రి నయం, రెండో రోజు మధ్యాహ్నం క్యాంపులో చేయడానికి ఏమీ ఉండదు. మిగతా రాత్రి జైసల్మేర్ ఊళ్ళో ఉండండి, 1156లో కట్టిన కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, సందులన్నీ తిరగండి, కానీ రూమ్ మాత్రం కోట బయట తీసుకోండి, లోపల హోటళ్ళ నీళ్ళు ఇంకి పునాదులు దెబ్బతింటున్నాయని ఎప్పట్నుంచో చెప్తున్నారు.

సాయంత్రం ప్రోగ్రామ్ గురించి బుక్ చేసేటప్పుడే అడగాలి. మాంగణియార్, లంగా అనే సంగీత కుటుంబాలవాళ్ళు తరతరాలుగా పాడుతున్నవాళ్ళు, ఒకరు కమాయచా అనే తీగల వాద్యం వాయిస్తారు, ఇంకొకరు ఖర్తాల్ అనే చెక్క తాళాలు, గొంతు అయితే మైకు లేకుండా దిబ్బ అవతలికి వినిపిస్తుంది. కాల్బేలియా అనే ఇక్కడి జాతివాళ్ళ పాటా నృత్యం 2010 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చాలా క్యాంపుల్లో వీళ్ళని అరగంట పాడించి వెంటనే సినిమా పాటలు పెట్టేస్తారు. ఫోన్‌లో సూటిగా అడిగేయండి, జానపద ప్రోగ్రామ్ ఎంతసేపు, డీజే ఉందా, ఉంటే ఎప్పటిదాకా. డీజే లేదు సార్ అని కొంచెం సిగ్గుపడుతూ చెప్పేవాడి దగ్గర బుక్ చేయండి.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి, అంటే అత్తయ్యా మావయ్యా అమ్మా నాన్నా అందరితో, నా ఓటు కచ్ రణ్‌కే. ధోర్డో దగ్గర రణ్ ఉత్సవ్ టెంట్ సిటీ పెడతారు, నవంబర్ నుంచి చలికాలం అయ్యేదాకా, భుజ్ నుంచి 80 కిలోమీటర్ల పైన. అంతా ప్యాకేజీ, బస్సులో తీసుకెళ్ళి తీసుకొస్తారు, ఒంటె ఎక్కలేనివాళ్ళకి కూడా చూడటానికి ఉంటుంది, నేల చదును, నడవడం తేలిక. దిబ్బల దగ్గరైతే గది నుంచి డైనింగ్ దాకా ఇసుకలో నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది నరకం, చక్రాల సూట్‌కేసు కూడా కదలదు. రణ్‌లో ఇసుక దిబ్బలుండవని పిల్లలకి ముందే చెప్పండి, వానాకాలంలో సముద్రం నీళ్ళూ వాన నీళ్ళూ చేరి, ఆరిపోయాక మిగిలిన ఉప్పు పొర అది, వేల చదరపు కిలోమీటర్లు, పిల్లలకి పది నిమిషాల్లో బోర్ కొడుతుంది, పెద్దవాళ్ళు మాత్రం కదలరు. తెల్ల రణ్‌కి పర్మిట్ కావాలి, ఆధార్ పెట్టుకోండి. భోజనం శాకాహారం, గుజరాత్‌లో మద్యనిషేధం, మా గ్యాంగుకి అవి లేకపోతే ఎలా అనుకునేవాళ్ళు రాజస్థాన్‌కే వెళ్ళండి, అక్కడ లాల్ మాస్ అనే కారంగా ఉండే మటన్ కూర దొరుకుతుంది. టెంట్ సిటీ అంటే పేరులోనే ఉంది, అదొక ఊరు, జనం బాగా ఉంటారు. అది వద్దనుకుంటే చుట్టుపక్కల ఊళ్ళలో భూంగాలు ఉన్నాయి, గుండ్రటి మట్టి ఇళ్ళు, 2001 భూకంపంలో సిమెంటు ఇళ్ళు పడిపోయినా చాలా భూంగాలు నిలబడ్డాయి, వాటిలో బస చేస్తే లోపల గోడలకి అద్దాల పనీ, బయట నులక మంచం, ఖర్చూ తక్కువ. నా మటుకు నాకు టెంట్ సిటీ కంటే భూంగాయే ఇష్టం, కానీ బాత్రూమ్ విషయంలో పట్టింపు ఉన్న అత్తగారిని తీసుకెళ్తుంటే టెంట్ సిటీకే వెళ్ళండి, ఇంట్లో ప్రశాంతత ముఖ్యం. ఒక రోజు ఎక్కువుంటే ధోలావీరా కలుపుకోండి, హరప్పా కాలం నాటి ఊరు, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, ఖావ్‌డా నుంచి వెళ్ళే రోడ్డుకి రెండు పక్కలా తెల్లటి రణ్.

ప్రయాణం విషయానికొస్తే బెంగళూరు నుంచి భుజ్‌కి ముంబైలో మారి వెళ్ళడమో, అహ్మదాబాద్‌లో దిగి 330 కిలోమీటర్లు రైల్లోనో రోడ్డు మీదో వెళ్ళడమో. రైలు మీద మోజుంటే ఇక్కడ్నుంచి జోధ్‌పూర్‌కి నేరుగా ఉంది, దాదాపు రెండు రోజులు పడుతుంది, పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళే పట్టుదల ఉన్న కుటుంబాలకి సరిపోతుంది.

నుబ్రా కథ పూర్తిగా వేరు. హుండర్ దగ్గర బూడిద రంగు దిబ్బలు, చుట్టూ మంచు కొండలు, రెండు మూపురాల ఒంటెలు, పాత సిల్క్ రూట్ బిడారాల సంతతి అవి. టెంట్లు దిబ్బల మీద కాదు, పక్కన చెట్ల మధ్య, ఆప్రికాట్ తోటల్లో ఉంటాయి, వాగు శబ్దం వింటూ పడుకోవచ్చు, నిజం చెప్పాలంటే వీటన్నిట్లోకీ నిద్రపోవడానికి బెస్ట్ చోటు ఇదే. మే నుంచి సెప్టెంబర్ దాకా నడుస్తాయి, జూన్‌లో కూడా రాత్రికి స్వెటర్ కావాల్సిందే. దిబ్బల విస్తీర్ణం చిన్నది, ఎడారంటే కనుచూపు మేర ఇసుక అనుకుని వెళ్తే నిరాశపడతారు. అసలు సమస్య ఎత్తు. లేహ్ 3,500 మీటర్లు, నుబ్రా అంతకంటే కొంచెం తక్కువే, కానీ మధ్యలో ఖర్దుంగ్ లా 5,359 మీటర్లు దాటాలి. ఫ్లైట్ దిగిన మర్నాడే నుబ్రాకి వెళ్ళిపోదాం అనే ట్రావెల్స్ వాళ్ళ మాట వినొద్దు, లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండి తీరాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

విదేశాల్లో అయితే పెద్దగా చెప్పేదేం లేదు, దుబాయ్ తేలిక, కానీ అక్కడ మామూలు రేట్లకి దొరికే రాత్రి బస చాలావరకు సాయంత్రం సఫారీకి తోక లాంటిదే. మస్కట్ నుంచి 200 కిలోమీటర్ల దూరంలో షర్కియా ఇసుక దిబ్బలు బావుంటాయి, చివరి మైళ్ళు ఫోర్ బై ఫోర్ ఉండాలి. డబ్బూ టైమూ రెండూ ఉంటే జోర్డాన్‌లో వాది రమ్, ఎర్ర ఇసుకలో నిలువు రాతికొండలు, 2011 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం, బబుల్ టెంట్ల పిచ్చి మొదట బాగా పట్టిన చోట్లలో అదొకటి, అక్కడి బెదూయిన్లు ఇసుకలో పాతిపెట్టి వండే జర్బ్ మాంసం మన బిర్యానీ ప్రియులకి నచ్చి తీరుతుంది.

ఏ క్యాంపైనా డబ్బు పంపే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి కొన్ని. వేడినీళ్ళు గీజర్‌లో వస్తాయా బకెట్‌లో ఇస్తారా, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా. జనరేటర్ రాత్రి ఆపేస్తారా, ఎందుకంటే ఇంట్లో ఎవరికైనా నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీపాప్ మెషీన్ అవసరముంటే కరెంటు పోతే కష్టం. భోజనం ఎన్నింటికి, ఇది చాలామంది అడగరు, టీ, ఒంటె, పకోడీ, పాటలు అయ్యేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, షుగర్ మాత్రలు వేసుకునే నాన్నగారికి 8 గంటలకే ఓ రెండు రొట్టెలు విడిగా పెట్టమని ముందే చెప్పాలి, చెప్తే పెడతారు. అన్నం కూడా ముందే చెప్పుకోవాలి, దాల్ బాటీ చుర్మా మొదటిపూట ఆహా అనిపిస్తుంది, మర్నాటికి మనవాళ్ళు ఆవకాయ సీసా కోసం బ్యాగులు వెతుకుతారు. జీపు దిబ్బల మీద తిప్పేది ప్యాకేజీలో ఉన్నా నడుము నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కొద్దు.

పూర్తి డబ్బు ముందే కట్టమనే క్యాంపుని పక్కనపెట్టండి, కొంత అడ్వాన్స్ చాలు, అది కూడా క్యాంపు పేరు మీదున్న అకౌంటుకే. జైసల్మేర్ నుంచి సమ్ వెళ్ళే దారిలో బైకుల మీద కొందరు మీ కారు పక్కనే వచ్చి, మీరు బుక్ చేసిన క్యాంపు మూసేశారండీ, మాది చూడండి అంటారు, అక్కడ వీళ్ళని లప్కాలు అంటారు. అద్దం దించకండి, మీ క్యాంపు మేనేజర్ నంబర్ ముందే సేవ్ చేసుకుని ఉంచుకోండి, లొకేషన్ పిన్ వాట్సాప్‌లో తెప్పించుకోండి, డ్రైవర్ కమిషన్ కోసం వేరే చోటికి తిప్పుతున్నా దాంతో తెలిసిపోతుంది. చెక్ ఇన్ మధ్యాహ్నం ఉంటుంది, చెక్ అవుట్ మాత్రం చాలా చోట్ల పొద్దున 10 గంటలకే, కాబట్టి మూడింటికల్లా చేరేలా ప్లాన్ చేసుకోండి, చీకటి పడ్డాక వెళ్తే సగం డబ్బులు పోయినట్టే.